ఎక్కాలు వల్లె వేయించాలా, పిల్లల్నే కనుక్కోనివ్వాలా: మూడో తరగతి టీచరమ్మకు జవాబు

అమ్మా, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఉదయగిరి వైపు ఒక పల్లెలో కొత్తగా ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా చేరారు, మూడో తరగతి ఇచ్చారు. టీచర్ల అర్హత పరీక్ష టెట్ కోసం పావ్‌లోవ్, స్కిన్నర్, పియాజే, వైగాట్‌స్కీ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలందరినీ నోటికి నేర్చుకుని మార్కులు తెచ్చుకున్నారు. ఇప్పుడు ట్రైనింగుకు వెళ్తే "పిల్లలే జ్ఞానాన్ని నిర్మించుకుంటారు, మీరు చెప్పకండి" అంటున్నారు. బడికొస్తే హెడ్మాస్టరు గారు "ముందు ఎక్కాలు వల్లె వేయించమ్మా, నిర్మాణం సంగతి తర్వాత చూద్దాం" అంటున్నారు. ఎవరి మాట వినాలి, నేర్చుకోవడమంటే పైకి కనపడే ప్రవర్తన మారడమే అనే ప్రవర్తనావాదం పాతబడి తప్పని తేలిపోయిందా అని మీ సందేహం.

చిన్న జవాబు చాలనుకుంటే ఇదీ: ఎక్కాల విషయంలో హెడ్మాస్టరు గారి మాట వినండి. పిల్లవాడి బుర్ర ఎలా పనిచేస్తుందన్న విషయంలో ట్రైనింగులో చెప్పింది నమ్మండి. కానీ "కాబట్టి టీచరు చెప్పకూడదు" అని దానికో తోక తగిలించారే, ఆ తోకను అక్కడే వదిలేసి రండి. అది పియాజేదీ కాదు, వైగాట్‌స్కీదీ కాదు.

పిల్లలే జ్ఞానాన్ని నిర్మించుకుంటారనే ఈ నిర్మాణాత్మకవాదం అంటే బోధనా పద్ధతి అని చాలామంది అనుకుంటారు. కాదు. అది జరిగే సంగతి గురించిన మాట. మీరు కృత్యాలు చేయించినా, బెత్తం పట్టుకుని బట్టీ వేయించినా పిల్లలు తమ బుర్రలో ఏదో ఒకటి కట్టుకుంటూనే ఉంటారు. ఏం కట్టుకున్నారో మనం చూడం, అదీ ఇబ్బంది. నాకు ఈ సంగతి పుస్తకంలో తెలియలేదు, ఒక తీసివేత లెక్కలో తెలిసింది.

వింజమూరు దగ్గర ఒక బళ్లో పనిచేస్తున్నప్పుడు ఒక పిల్లవాడు 42 లోంచి 17 తీసేసి 35 అని రాశాడు. కొట్టేసి, బోర్డు మీద మళ్లీ చేసి చూపించాను. బుద్ధిగా తలూపాడు. తర్వాతి లెక్క 61 లోంచి 24. జవాబు 43 రాశాడు. నాకు ఒళ్లు మండింది. "ఎన్నిసార్లు చెప్పాల్రా" అని అరిచి ఉండేవాణ్నే, కానీ ఆ రోజెందుకో పలక దగ్గరకు లాక్కుని తప్పులన్నీ వరసగా చూశాను. ఒక్క లెక్కా ఒప్పు కాలేదు, కానీ తప్పులన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. తెలియక తోచిన అంకె రాసేవాడు అంత పద్ధతిగా తప్పు చేయలేడు.

"ఎట్ట చేశావురా ఇది?" అన్నాను.

"పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యమంటివి గదా సార్. రెండు కంటే ఏడు పెద్దది. ఏడులోంచి రెండు తీస్తే అయిదు."

ఆ మాట నాదే. ఏడాది ముందు, వాడు రెండో తరగతిలో ఉండగా, ఒంటి అంకెల తీసివేతలు నేర్పేటప్పుడు రోజూ అన్న మాట. ఆ లెక్కలకు అది సరిపోయింది. వాడు దాన్ని పట్టుకుని ఒక సూత్రం కట్టుకుని, రెండంకెల లెక్కలకు కూడా నిజాయితీగా వాడుకుంటున్నాడు. పదులు అరువు తెచ్చుకోవడం బోర్డు మీద నేను ఎన్నిసార్లు చూపించినా వాడి సూత్రాన్ని అది తాకనేలేదు. అమెరికాలో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో పిల్లల తీసివేత తప్పుల్ని ఇలాగే కుప్పలుగా పోసి చూసి, కంప్యూటర్ ప్రోగ్రాముల్లో దొర్లే దోషాల పేరే పెట్టి వాటిని 'బగ్'లన్నారు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడం వాటిలో బాగా తెలిసిన బగ్. మా వాడు ఎవరిదీ చూసి రాయకుండానే దాన్ని సొంతంగా కనిపెట్టాడు.

మర్నాడు వాడి చేతిలో నాలుగు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు పెట్టి, "శెట్టి అంగట్లో పదిహేడు రూపాయలు ఇయ్యాల. ఎంత మిగులుద్ది?" అన్నాను. క్షణం కూడా పట్టలేదు. "ఒక నోటు చిల్లర మార్చాల సార్. ఇరవై అయిదు." మరి పలక మీద 35 ఉందే, రెంటిలో ఏది తప్పు అన్నాను. వాడు చెప్పిన జవాబు నేను ఊహించలేదు. "రెండూ రైటే సార్. అది అంగడి లెక్క, ఇది బళ్లో లెక్క."

ఈ రెండు లెక్కల గోడ ఒక్క మనదే కాదు. బ్రెజిల్‌లోని రెసిఫీ నగరంలో రోడ్డు పక్కన కొబ్బరికాయలు, పండ్లు అమ్ముకునే ఐదుగురు పిల్లల మీద 1985లో ఒక అధ్యయనం వచ్చింది. బజారులో బేరం మధ్యలో అడిగితే నూటికి 98 లెక్కలు ఒప్పు చెప్పారు. అవే లెక్కల్ని కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 దగ్గర ఆగిపోయారు. ఆ గోడను పడగొట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నోట్లు, బిళ్లలు పక్కన పెట్టుకుని, ఒక్కో అడుగూ పలక మీద రాయించి, "ఇప్పుడు నోటు మార్చావు, అది పలక మీద ఎక్కడుంది?" అని అడుగుతూ పోయాను. గమనించండి, ఆ నాలుగు రోజులూ నేను నోరు మూసుకుని లేను. చెప్తూనే ఉన్నాను. కాకపోతే వాడు ఎక్కడున్నాడో తెలిశాక చెప్పాను.

పియాజే కథ కూడా తప్పు జవాబులతోనే మొదలైంది. స్విట్జర్లాండ్‌లోని నూషటెల్‌లో 1896లో పుట్టి, నత్తల మీద పరిశోధన చేసి, ఆ తర్వాత పారిస్‌లో పిల్లల తెలివి పరీక్షల పనిలో చేరాడు. ఒప్పులు లెక్కపెట్టి మార్కులేయడం అక్కడి ఉద్యోగం. ఈయనకు మాత్రం ఒకే వయసు పిల్లలు ఒకే రకం తప్పులు చేస్తున్నారే అని తప్పుల మీద కన్ను పడింది. మిగిలిన జీవితమంతా ఆ ప్రశ్న మీదే గడిపాడు. ఇంద్రియ చాలక దశ రెండేళ్ల వరకు, పూర్వ ప్రచాలక దశ ఏడు వరకు, మూర్త ప్రచాలక దశ పదకొండు వరకు, ఆపైన అమూర్త ప్రచాలక దశ అని మీకు నోటికొచ్చు, మళ్లీ చెప్పను. ఆ వయసుల అంచులు అంత గట్టివి కావని తర్వాతివాళ్లు చూపించారు కూడా. పరీక్షకు దశలు కావాలి, బడికి మాత్రం సాంశీకరణం, అనుగుణ్యం అనే రెండు మాటలు ఎక్కువ పనికొస్తాయి. పుస్తకాల్లో వీటికిచ్చే ఉదాహరణలు ఎక్కడివో అయి ఉంటాయి. మీరున్న చోటి ఉదాహరణ ఒకటి ఇస్తాను.

ఒకటో తరగతిలో జంతువుల చార్టు తగిలించి ఒక బొమ్మ చూపించి ఇదేంది అన్నాను. తెల్లగా, బొద్దుగా, ఒళ్లంతా ఉన్నితో ఉన్న గొర్రె. ఇంటింటికీ గొర్రెలున్న ఊరు అది. ఒకడు "కుక్క" అన్నాడు, ఇంకొకడు "ఎలుగుబంటి" అన్నాడు. గొర్రె అన్నవాడు ఒక్కడూ లేడు. పట్నం నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు చూస్తే ఈ పిల్లలకు గొర్రె కూడా తెలియదని రాసుకుపోతారు. నిజానికి వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. మన నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని దాదాపు ఉండదు. పొడవాటి కాళ్లు, పొట్టి వెంట్రుకలు, దూరం నుంచి మేకలాగే ఉంటుంది. ఒక గొర్రెల కాపరి కూతురు నాకే పాఠం చెప్పింది: ఒళ్లంతా తెల్లగా ఉంటే పల్ల, తెల్లటి గొర్రెకు మూతి దగ్గర, కళ్ల చుట్టూ నల్లమచ్చలుంటే జొడిపి, ఎర్రగా ఉంటే దొర. ఆ పిల్ల బుర్రలో గొర్రె అనే గూడు చాలా గట్టిగా ఉంది. చార్టులోని బొమ్మ అందులో పట్టక పక్క గూట్లోకి, అంటే బొచ్చుకుక్క గూట్లోకి వెళ్లింది. కొత్తదాన్ని ఉన్న గూట్లోనే సర్దేయడం సాంశీకరణం.

అప్పుడు నేను చెప్పాను. ఇదీ గొర్రేనని, చలి దేశాల్లో ఇలా ఉంటుందని, కంబళి నేసేది ఇలాంటి ఉన్నితోనేనని. ఆ పిల్ల కాసేపు చూసి, "అయితే మా గొర్రెకు కంబళి ఎందుకు లేదు సార్?" అంది. గూడు కదిలిందన్నమాట. గొర్రె అంటే ఉన్ని ఉన్నదీ ఉండొచ్చు, లేనిదీ ఉండొచ్చు అని గూటినే పెద్దది చేసుకోవడం అనుగుణ్యం. ఒక్క మాట చెప్తేనే అది జరిగింది. కృత్యపత్రం ఇచ్చి గుంపులుగా కూర్చోబెట్టి "కనుక్కోండి" అంటే సాయంత్రం దాకా అది ఎలుగుబంటిగానే ఉండేది. నేర్చుకునేవాడికి ముందే ఏం తెలుసో తెలుసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టమని 1968లో మనస్తత్వవేత్త ఆసుబెల్ రాసింది ఇందుకే. ఆయన చెప్పి బోధించడాన్ని తప్పుపట్టినవాడు కాదు, దాన్ని వెనకేసుకొచ్చినవాడు.

వైగాట్‌స్కీ కూడా 1896లోనే పుట్టాడు. క్షయ వ్యాధితో 1934లో, ముప్పై ఏడేళ్లకే పోయాడు. ఆ తర్వాత సోవియట్ ప్రభుత్వం ఆయన పుస్తకాలను చాలా ఏళ్లు తొక్కిపెట్టింది. ఆయన సామీప్య వికాస మండలం మీకు టెట్‌లో ఒక మార్కు. నాకైతే అది మా ఊరి కాలవ. మా నాయన నాకు ఈత నేర్పేటప్పుడు నడుముకు రెండు ఎండు సొరకాయ బుర్రలు కట్టి నీళ్లలోకి దింపాడు. గట్టు మీద కూర్చుని చేతులెలా ఆడించాలో ఉపన్యాసం ఇవ్వలేదు, నీళ్లలోకి తోసేసి చూస్తూనూ నిలబడలేదు. నాలుగో రోజు నాకు చెప్పకుండా ఒక బుర్ర విప్పేశాడు. నేను దమ్ము పట్టి ఈదుతూనే ఉన్నాను, నాకు తెలియలేదు. ఇంకో వారానికి రెండోదీ పోయింది. ఒంటరిగా చేయగలిగేది, తోడుంటే చేయగలిగేది, ఆ రెంటి మధ్య జాగా ఆ మండలం. ఆ బుర్రలకు 'స్కాఫోల్డింగ్' అని పేరు పెట్టింది మాత్రం వైగాట్‌స్కీ కాదు. వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు 1976లో పెట్టారు. ఈ మాట వైగాట్‌స్కీ నోట పెట్టి చెప్పేవాళ్లు చాలామంది కనపడతారు, జాగ్రత్త.

బళ్లలో నేను ఎక్కువగా చూసింది రెండు రకాలు. బుర్ర కట్టకుండా తోసేసేవాళ్లు ఒకరు, కట్టిన బుర్రను పదో తరగతి దాకా విప్పనివాళ్లు ఇంకొకరు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చాక, మన రాష్ట్రం 2011లో తన చట్రం తెచ్చాక, మొదటి రకం పెరిగింది. ఆ పత్రాల్లో "టీచరు మౌనంగా ఉండాలి" అని లేదు. కిందికి దిగివచ్చేసరికి, ఒక ట్రైనింగ్ నుంచి ఇంకో ట్రైనింగ్‌కు చేతులు మారేసరికి, చార్టులు, గమ్ము, గుంపులు మిగిలాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు తక్కువ మార్గదర్శనంతో చేసే బోధన ఎందుకు పనిచేయదో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో గట్టిగా వాదించారు. దాని మీద ఎదురు వాదాలూ వచ్చాయి. మూడో తరగతి వరకైతే నా ఓటు ఆ ముగ్గురికే.

ఇక ప్రవర్తనావాదం పాతబడిందా అన్నారు. ఇది చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా దగ్గర చింతబరిక ఉండేది, ఒక పాత రాజ్‌దూత్ బండి ఉండేది. లెక్కల పీరియడ్లో బరికకు బాగానే పని చెప్పేవాణ్ని. ఒకరోజు ఒక పిల్లవాడి తల్లి చెరువుగట్టు మీద ఎదురై అంది: "సార్, మీ బండి చప్పుడు వినపడితే మావాడికి కడుపులో నొప్పి వస్తా ఉంది. ఆదివారం మీరు ఊళ్లోకొచ్చినా అంతే. లెక్కల పుస్తకం తీసినా అంతే." తిట్టలేదు, మామూలుగా చెప్పింది. అందుకే ఇంకా గుర్తుంది.

పావ్‌లోవ్ రష్యాలో జీర్ణక్రియ మీద పనిచేసి 1904లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు. అన్నం పెట్టకముందే, అన్నం పెట్టే మనిషి అలికిడికే కుక్కల నోట్లో నీరూరడం చూసి ఆయన అటు తిరిగాడు. నా క్లాసులో దెబ్బ నిర్నిబంధిత ఉద్దీపన (ఎవరూ నేర్పకుండానే భయపెట్టేది), బండి చప్పుడు నిబంధిత ఉద్దీపన (దెబ్బతో జతపడి భయపెట్టేది), కడుపునొప్పి ప్రతిస్పందన. బండి నుంచి లెక్కల పుస్తకానికి పాకడం సామాన్యీకరణం. అమెరికాలో వాట్సన్, రేనర్ 1920లో ఏడాది కూడా నిండని ఒక పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ వెనక ఇనప కడ్డీని సుత్తితో కొట్టి భయం నేర్పారు. ఆ భయం కుందేలుకూ, బొచ్చు కోటుకూ పాకింది. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు. నేను ఎవరి అనుమతీ అడక్కుండానే అదే పని చేశాను.

ఆ పిల్లవాడు కూర్చుని ఆలోచించి "బండి వస్తే దెబ్బ పడుతుంది" అని అర్థం కట్టుకోలేదమ్మా. వాడి కడుపు నేర్చుకుంది. భయం, అలవాటు, బెల్లు కొట్టగానే చెయ్యి బ్యాగులోకి పోవడం, ఇవి నడిచే దారి వేరు. వీటిని పియాజే పుస్తకంలో వెతికితే దొరకవు. ప్రవర్తనావాదం తప్పని తేలిపోయిందనేవాళ్లు తమ పిల్లవాడు ఫోను మోగగానే ఎటు తిరుగుతున్నాడో ఒకసారి చూడాలి.

బరిక మానేశాను. (విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి దండనను నిషేధించింది, కానీ నేను మానేసింది అంతకు చాలా ముందే.) మానేస్తే చాలదు. భయం మెల్లగా తగ్గింది, వేసవి సెలవుల తర్వాత మళ్లీ తలెత్తింది. పుస్తకాల్లో దీన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు, పేరు వింటే ఏదో ఆరోగ్యం అనుకుంటాం. మేరీ కవర్ జోన్స్ 1924లో కుందేలుకు భయపడే పీటర్ అనే పిల్లవాడికి, ఇష్టమైనది తింటూ ఉండగా కుందేలును రోజుకు కాస్త దగ్గరగా తెచ్చి భయం పోగొట్టింది. నేనది తర్వాత చదివాను. ఆ రోజు నాకు తోచింది ఒకటే, వాణ్ని రాజ్‌దూత్ మీద ఎక్కించుకుని చెరువుగట్టు చివరిదాకా తిప్పడం. మొదటిసారి ట్యాంకు పట్టుకుని బిగుసుకుపోయాడు. నెల తిరిగేసరికి సాయంత్రం బండి దగ్గర ముందుగా నిలబడేది వాడే. లెక్కల పుస్తకం దగ్గర భయం పోవడానికి మాత్రం ఏడాది పట్టింది.

స్కిన్నర్ దగ్గర మీకు రోజూ పనికొచ్చే సంగతి ఒకటుంది. ఒక పని తర్వాత ఏం జరుగుతుందో దాన్నిబట్టి ఆ పని పెరగడమో తగ్గడమో ఉంటుంది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది, కానీ క్లాసులో మనకు ఇది కనపడదు. అల్లరి చేసినవాణ్ని బయటికి పంపుతాం. వాడికి పాఠమంటే విసుగు. బయట వేపచెట్టు నీడ, వచ్చేపోయే ఆటోలు. మనం శిక్షించామనుకుంటాం, వాడికి అది విడుదల. రేపు అల్లరి ఇంకాస్త ముందే మొదలవుతుంది. ఇష్టం లేనిది తొలగిపోవడం వల్ల ఒక పని పెరిగితే అది రుణాత్మక పునర్బలనం. శిక్ష అంటే పని తగ్గాలి. టెట్‌లో సగంమంది ఈ రెంటినీ కలిపేస్తారు. వేపచెట్టును గుర్తుపెట్టుకుంటే కలవవు.

అలాగే స్టాఫ్‌రూంలో "వాడు మొద్దు", "వాడికి చదువంటే శ్రద్ధ లేదు" అనే మాటలు. స్కిన్నర్ ఉంటే, శ్రద్ధ లేదంటున్నారు, ఎలా తెలిసింది అంటాడు. చదవడం లేదు కాబట్టి అంటాం. ఎందుకు చదవడం లేదు అంటాడు. శ్రద్ధ లేదు కాబట్టి అంటాం. గానుగెద్దులా అక్కడే తిరుగుతాం. మనసు లేదని ఆయన అనలేదు, మనసు పేరు చెప్పి వివరించేశామని అనుకోవద్దన్నాడు. ఆ పిల్లవాడు పుస్తకం మూసే ముందు ఏం జరిగింది, మూశాక ఏం జరిగింది అన్నది చూడమన్నాడు. ఈ ఒక్క అలవాటు వల్ల నేను పిల్లలకు పేర్లు పెట్టడం తగ్గించాను.

బహుమతుల దగ్గర మాత్రం తొందరపడకండి. ఒక ఏడాది బడి లైబ్రరీలో ఒక పుస్తకం చదివితే ఒక పెన్సిలు అని ప్రకటించాను. నెలలో పుస్తకాలు ఎగిరిపోయాయి. రిజిస్టరు తీసి చూస్తే అందరూ పది పేజీల బొమ్మల పుస్తకాలే తీసుకెళ్లారు. అంతకుముందు లావు కథల పుస్తకం అడిగి తీసుకెళ్లే పిల్ల కూడా సన్నవి ఏరుకుంటోంది. పెన్సిళ్లు అయిపోయాక లైబ్రరీ బీరువా దగ్గర ఎవరూ లేరు. లెప్పర్, గ్రీన్, నిస్బెట్ 1973లో సరిగ్గా ఇదే చూపించారు. బొమ్మలేయడం ఇష్టమైన నర్సరీ పిల్లలకు ముందే సర్టిఫికెట్ ఆశ పెట్టి వేయిస్తే, తర్వాత ఖాళీ సమయంలో వాళ్లు వేసేది తగ్గిపోయింది. అసలు ఇష్టమే లేని పనికి చిన్న బహుమతి పర్వాలేదు. ఉన్న ఇష్టానికి వెల కట్టొద్దు. ఇచ్చినా ప్రతిసారీ ఇవ్వకండి. మైపాడు రేవులో వలేసేవాళ్లను చూడండి, ఏ వలకు చేప పడుతుందో తెలియదు, అందుకే ఖాళీ వల వచ్చినా మళ్లీ వేస్తారు. రోజూ అందే చాక్లెట్ ఒకరోజు ఆగితే పని కూడా ఆగుతుంది.

ప్రవర్తనావాదం ఎక్కడ చేతులెత్తేసిందో కూడా చెప్పాలి. స్కిన్నర్ 1957లో మాటలు నేర్చుకోవడం కూడా పునర్బలనంతోనే, అంటే చేసినదానికి దక్కే ఫలితంతోనే అని పుస్తకం రాశాడు. 1959లో భాషావేత్త చామ్‌స్కీ దాన్ని చీల్చి చెండాడుతూ సమీక్ష రాశాడు. మా మనవరాలు మూడేళ్లప్పుడు చక్కగా "ఇళ్లు" అనేది. నాలుగో ఏట ఉన్నట్టుండి "తాతా, ఎన్ని ఇల్లులో" అనడం మొదలుపెట్టింది. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు, అన్నందుకు ఎవరూ మెచ్చుకోలేదు. చివర 'లు' చేర్చితే బహువచనం అని సూత్రం తానే పట్టుకుని వాడేసింది. తీసివేత పిల్లవాడు చేసిందీ ఇదే. టోల్‌మన్ ఎలుకలు ఇంకో దెబ్బ. 1930 నాటి ప్రయోగంలో పది రోజులు ఏ తిండీ దొరక్కుండా చిక్కుదారుల్లో తిరిగిన ఎలుకలు, పదకొండో రోజు తిండి పెట్టేసరికి ఒక్కసారిగా దారి తెలిసినట్టు పరిగెత్తాయి. తిరిగినన్ని రోజులూ నేర్చుకుంటూనే ఉన్నాయి, చూపించాల్సిన అవసరం రాలేదంతే. వెనక బెంచీలో నోరెత్తని పిల్లను చూసినప్పుడు నాకు ఆ ఎలుకలు గుర్తొచ్చేవి.

ఇప్పుడు ఎక్కాలు. మన బుర్రలో ఒకేసారి పట్టుకుని పనిచేసే జాగా చాలా చిన్నది. ఏడుకు రెండు అటూ ఇటూ అని మిల్లర్ 1956లో అన్నాడు, తర్వాతివాళ్లు ఇంకా తగ్గించారు. పెద్ద గుణకారం మధ్యలో ఎనిమిదేళ్లు (8×7) ఎంత అని వేళ్లు లెక్కపెట్టుకునే పిల్లవాడికి ఆ జాగా వేళ్లకే అయిపోతుంది, తాను ఏ లెక్కలో ఉన్నాడో మర్చిపోతాడు. ఎక్కం నోటికొస్తే ఆ జాగా ఖాళీ అవుతుంది, ఆలోచించడానికి మిగులుతుంది. అందుకే వల్లె వేయడాన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నాకు పేచీ.

కానీ మీ హెడ్మాస్టరు గారి కోరస్‌తో కూడా పేచీ ఉంది. అందరూ కలిసి పాడుతుంటే ముప్పైమందిలో పదిమందికి వస్తుంది, ఇరవైమంది పెదాలు కదుపుతారు. వచ్చినవాళ్లకు కూడా అది గొలుసులా వస్తుంది. ఎనిమిదేళ్లు ఎంత అంటే "ఎనిమిదొకట్ల ఎనిమిది" నుంచి పాడుకుంటూ రావాలి. ముందు పంక్తి చెప్తేనే తర్వాతి పంక్తి వస్తుంది. అది పాట వచ్చినట్టు, ఎక్కం వచ్చినట్టు కాదు. నేను చేసింది ఇది: మొదటి వారం చింతపిక్కలు వరసలుగా పేర్పించి ఎనిమిదేళ్లు అంటే ఏమిటో కళ్లకు చూపించడం, ఏడెనిమిదులు కూడా అవే పిక్కలని పలక తిప్పి చూపించడం. రెండో వారం కోరస్. మూడో వారం నుంచి కోరస్ బంద్. వరస తప్పించి ఒక్కొక్కరినీ అడగడం, నడుస్తూ, అన్నం లైనులో, బెల్లు కొట్టే ముందు. జవాబు గుర్తు తెచ్చుకునే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టి చేస్తుందని రోడిగర్, కార్పికి 2006లో చూపించారు. మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, వారం తర్వాత పెట్టిన పరీక్షలో గుర్తు తెచ్చుకునే అభ్యాసం చేసినవాళ్లు ముందున్నారు.

మీ ట్రైనింగ్ వాళ్లతో వాదన పెట్టుకోకండి, హెడ్మాస్టరు గారితో అసలే వద్దు. కొత్త ఉద్యోగం. చింతపిక్కల వారం ఫొటోలు వాళ్లకు సరిపోతాయి, కోరస్ వారం ఈయనకు సరిపోతుంది.

సోమవారం ఒక పని చేయండి. 42 లోంచి 17, 61 లోంచి 24, 50 లోంచి 26, 304 లోంచి 128, ఈ నాలుగు తీసివేతలు ఇవ్వండి. చివరిది వాళ్లకు కష్టమే, అయినా ఇవ్వండి. ఎవరికెన్ని మార్కులు అని చూడొద్దు. తప్పుల్ని మాత్రం ఒక కాగితం మీద రాసి, ఒకే తప్పు చేసిన పిల్లల పేర్లు పక్కపక్కన పెట్టండి. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి "ఎట్ట చేశావు" అని అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి, మీరు దిద్దకండి. సున్నా ఉన్న చోట రెండు మూడు రకాల సూత్రాలు కనపడతాయి. ఆ కాగితం నాకు పంపితే ఏది నోట్లతో విడిపోతుందో, ఏదానికి స్థానవిలువ దాకా వెనక్కి వెళ్లాలో కూర్చుని చూద్దాం.